మోకాలి లిగమెంట్ ఆపరేషన్ తర్వాత అనుకోని నొప్పి వస్తే ఏం చేయాలి?

ఆపరేషన్ అయి అయిదో వారం. ఒంటిపూట బడులు అప్పుడే మొదలయ్యాయి. మంచం అంచున కూర్చుని, ఆపరేషన్ అయిన కాలు ముందుకు చాపుకుని, కింద పడిన కళ్లజోడు అందుకుందామని వంగాను. తొడ వెనక పటుక్కుమంది. లోపల ఎవరో తాడు తెంపినట్టు అనిపించింది, ఆ వెంటనే భగ్గున మంట. కనుమ నాడు వాలీబాల్ ఆడుతూ పడిపోయినప్పుడు మోకాల్లో విన్నదీ ఇలాంటి చప్పుడే. వేసిన కొత్త లిగమెంట్ కూడా పోయిందని, మళ్లీ ఆపరేషన్ తప్పదని అక్కడికక్కడే తీర్మానించేసుకున్నాను.

ఫిజియోథెరపిస్టుకు ఫోను చేశాను. నొప్పి ఎంత ఉందని ఆయన అడగనే లేదు. "సార్, మోకాలు వాచిందా?" అన్నారు. చూసి, లేదన్నాను. "కాలు పూర్తిగా చాపగలుగుతున్నారా? నిలబడితే మోకాలు జారుతోందా?" చాపగలను, జారడం లేదు. "మీకు తొడ వెనక కండరం స్నాయువు తీసి, తెగిన లిగమెంట్ స్థానంలో వేశారు కదా. అది తీసిన చోట మానుతున్న అతుకు కొంచెం విడిపోయి ఉంటుంది. రేపు పొద్దున ఒకసారి వచ్చి చూపించండి. ఈ రాత్రికి ఐస్ పెట్టుకుని పడుకోండి." ఆయన అన్నట్టే జరిగింది. తొడ వెనక అరచేతి మేర నల్లగా కమిలింది, పది రోజులకు పసుపు రంగుకు తిరిగి మాయమైంది. మోకాలికి ఏమీ కాలేదు.

ఆ రాత్రి నేర్చుకున్న సంగతే ఈ వ్యాసమంతా. నొప్పి ఎంత పెద్దదో చూసి బెదిరిపోతే లాభం లేదు. అది వెంట ఎవరిని తీసుకొచ్చిందో చూడాలి: వాపు, వేడి, జ్వరం, కాలు చాపలేకపోవడం, మోకాలు జారడం. ఒంటరిగా వచ్చిన పెద్ద నొప్పి చాలాసార్లు ఒంటరిగానే వెళ్లిపోతుంది. చుట్టాలను వెంటబెట్టుకొచ్చిన చిన్న నొప్పినే అనుమానించాలి.

ఇది ప్రధానంగా ఏసీఎల్, అంటే మోకాలి మధ్యలో తొడ ఎముకను కింది ఎముకతో కలిపే లిగమెంట్, ఆపరేషన్ గురించి. మీకు దాంతోపాటు ఆ ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌కు కూడా కుట్లు వేసి ఉంటే బరువు మోపడం, మోకాలు మడవడం విషయంలో మీ డాక్టరు పెట్టిన హద్దులు వేరుగా ఉంటాయి. అవే మీకు చివరి మాట.

మొదటి అడుగు: ఆగకూడని గుర్తులు ఉన్నాయేమో చూడండి

కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారాక చూద్దాంలే అనుకోకూడదు.

ఊపిరి అందకపోవడం, గాలి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం పడటం, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే ఇలా ఉంటుంది. వెంటనే 108కి ఫోను చేయాలి.

పిక్కలో లోతుగా నొప్పి, దానితోపాటు ఆ ఒక్క కాలే వాచి వేడిగా ఉండటం. గడ్డ ఇంకా కాలిలోనే ఉన్న దశ ఇది. దర్జీ టేపు ఒకటి దగ్గర పెట్టుకోండి. మోకాలి చిప్పకు కింద, ముందువైపు తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు దిగి, రెండు పిక్కల చుట్టుకొలత కొలవండి. 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే అదే రోజు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే పరీక్ష) విషయం డాక్టరును అడగాలి. తేడా తక్కువగా ఉన్నంత మాత్రాన గడ్డ లేదని చెప్పలేం కాబట్టి అనుమానం ఉంటే చూపించుకోవడమే మంచిది. ఈ దశలో పిక్కను ఎవరి చేతా పిసికించుకోకూడదు.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం, చలి, మోకాలు ఎర్రబడి కాలిపోవడం, కుట్ల దగ్గర చీము లేదా ఆగకుండా ఊరే నీరు. మొదటి ఒకటి రెండు రోజులు ఒళ్లు కాస్త వెచ్చబడటం మామూలే. కానీ తగ్గుతూ వచ్చిన నొప్పి రెండో వారంలోనో మూడో వారంలోనో ఎదురు తిరిగి రోజురోజుకూ పెరుగుతుంటే కీలులో ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి. వందలో ఒకరికి కూడా రాదు, అయినా వచ్చిందంటే మృదులాస్థిని రోజుల వ్యవధిలో తినేస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. పారాసెటమాల్ వేసుకుంటూ ఉంటే జ్వరం పైకి కనిపించదు, కాబట్టి మాత్ర వేసుకునే ముందే థర్మామీటర్ పెట్టుకోండి. రెండోది, వీధి చివర మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగకండి. మోకాల్లోంచి నీరు తీసి పరీక్షకు పంపేసరికి క్రిమి దొరకకుండా పోతుంది, వైద్యం గాడి తప్పుతుంది.

మొదటి రోజుల్లో పిక్క రాయిలా గట్టిపడి, మాత్రలకు లొంగని నొప్పితో, వేళ్లు మొద్దుబారి, ఎవరైనా వేళ్లు కదిపితే ప్రాణం పోయినంత పని అవుతుంటే ముందు బ్రేస్ (మోకాలిని పట్టి ఉంచే తొడుగు) పట్టీలు, కట్టు వదులు చేయండి. ఆ వెంటనే ఆసుపత్రికి ఫోను చేసి బయల్దేరండి. అరుదైనదే, అయితే ఇందులో గంటలు లెక్క.

చివరిది, జారిపడటమో మోకాలు మెలిపడటమో జరిగి, కీలు లోపల చప్పుడై, కొద్ది గంటల్లో మోకాలు బంతిలా వాచడం. లేదా మోకాలు మడిచిన చోటే ఇరుక్కుపోయి కదలకపోవడం, పడుకుని కాలు నిటారుగా పైకి లేపలేకపోవడం. కాలు మీద బరువు వేయకుండా ఆ రోజే చూపించుకోవాలి.

ఇవేవీ లేవా? అయితే ఊపిరి పీల్చుకుని కూర్చోండి. మిగతాది తొందర లేకుండా తేల్చుకోవచ్చు.

రెండో అడుగు: క్యాలెండర్ చూడండి

మొదటి రాత్రి నొప్పి చాలామందిని దెబ్బతీస్తుంది. ఆపరేషన్ రోజు సాయంత్రం కాలు ఉందో లేదో తెలియనట్టు హాయిగా ఉంటుంది. చూడటానికి వచ్చిన వాళ్లతో నవ్వుతూ మాట్లాడుతాం. వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. తొడ దగ్గర నరానికి బ్లాక్, అంటే దాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్, ఇచ్చి ఉంటే అది 12 నుంచి 24 గంటలు కాస్తుంది. అది దిగే సమయం అర్ధరాత్రో తెల్లవారుజామో అయితే నొప్పి మెట్లెక్కి రాదు, తలుపు బద్దలు కొట్టుకుని వస్తుంది. ఏదో తప్పు జరిగిందేమోనని నర్సును పిలిచి గొడవ చేసినవాళ్లలో నేనూ ఒకడిని. తప్పేమీ జరగలేదు, మాత్ర ఆలస్యమైంది అంతే. కాలు ఇంకా మొద్దుబారి ఉండగానే, చీటీలో రాసిన వేళకు మాత్ర వేసుకోవాలి. 'ఇప్పుడు నొప్పి లేదు కదా' అని దాటవేయకూడదు.

మూడో రోజు నుంచి పదో రోజు వరకు ఇంకో వింత. పడుకుంటే బాగానే ఉంటుంది. కాలు మంచం మీంచి కిందికి దించగానే తొడ నుంచి పాదం దాకా వేడి నీళ్లు దిగినట్టు బరువెక్కి సలుపుతుంది. రక్తం ఒక్కసారిగా కిందికి దిగడం వల్ల వచ్చేది ఇది, నిమిషాల్లో తగ్గుతుంది. దించే ముందు పాదాన్ని 20 సార్లు పైకీ కిందికీ ఆడించండి. తర్వాత మెల్లగా దించి, మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, అప్పుడు లేవండి. ఇదే సమయంలో పిక్క మీద, చీలమండ దగ్గర నలుపు, పసుపు మచ్చలు కనబడితే అది ఆపరేషన్ చోటి రక్తం బరువుకు కిందికి జారడమే.

రెండో వారం నుంచి ఆరో వారం దాకా నొప్పికి చాలావరకు ఫిజియో బల్లే కారణం. నిన్న 90 డిగ్రీలు మడిచారు, ఇవాళ 100. ఆ పది డిగ్రీల బాకీ రాత్రి వసూలవుతుంది. నాకు తొడ వెనక పటుక్కుమన్నదీ ఈ కాలంలోనే.

ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా అసలు చిక్కు నొప్పి లేకపోవడం. వేసిన స్నాయువు ఒంట్లో కలిసిపోయే క్రమంలో మొదట మెత్తబడి, తర్వాతే కొత్త రక్తనాళాలతో గట్టిపడుతుంది. అది బాగా బలహీనంగా ఉండేది సరిగ్గా ఈ రోజుల్లోనే. మనకేమో నడక కుదిరి, కర్రలు మూలకు చేరి, పెళ్లికి పిలుపు వచ్చి ఉంటుంది. ఈ కాలంలో అకస్మాత్తుగా వచ్చే నొప్పికి వెనక్కి తిరిగి చూస్తే దాదాపు ఎప్పుడూ ఒక పెళ్లి ఉంటుంది, లేదంటే బస్సులో నిలబడి చేసిన గంటన్నర ప్రయాణం ఉంటుంది. నా విషయంలో అది పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషన్, మూడు గంటలు గది చుట్టూ తిరగడం.

మూడో అడుగు: ఒక్క వేలితో చూపించండి

నొప్పి ఉన్న చోటును ఒక్క వేలితో చూపించగలరా, లేక అరచేయి మొత్తం పెట్టాల్సి వస్తోందా? ఈ చిన్న పరీక్ష చాలా చెబుతుంది. డిశ్చార్జి కాగితంలో గ్రాఫ్ట్ (లిగమెంట్ స్థానంలో వేసిన స్నాయువు) ఎక్కడ నుంచి తీశారో రాసి ఉంటుంది, ముందు అది చూడండి.

తొడ వెనక నుంచి తీస్తే అక్కడ లాగడం, పట్టేయడం, నాకు జరిగినట్టు పటుక్కుమనడం ఉంటాయి. బూట్లు తొడుక్కోవడానికి, పడిన వస్తువు తీయడానికి కాలు చాపి ముందుకు వంగడం కొన్ని వారాలు మానాలి. మడమను పిరుదుల వైపు బలంగా లాగే వ్యాయామం ఫిజియో చెప్పేవరకు చేయకూడదు.

చిప్ప కింది స్నాయువు తీస్తే నొప్పి ముందువైపు, చిప్ప కింది అంచున ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుంటే గుచ్చుకుంటుంది. నమాజుకు, గుడిలో సాష్టాంగానికి మోకాళ్లూనే వాళ్లకు ఈ ఇబ్బంది నెలల తరబడి, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. ఇలాంటి అలవాటు ఉంటే ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పాల్సిన సంగతి ఇది. చిప్ప పైనుంచి తీసిన వాళ్లకు తొడ ముందు కండరం మెలకువకు రావడం ఆలస్యమవుతుంది, చిప్ప పైభాగం పట్టేస్తుంది.

కోత పక్కన, మోకాలికి బయటివైపు చర్మం మొద్దుబారడం, మధ్యమధ్య సూదులు గుచ్చినట్టు, కరెంటు పాకినట్టు అనిపించడం చాలామందికి ఉంటుంది. అక్కడ చర్మానికి వెళ్లే సన్నటి నరం కొమ్మ కోతలో తెగడమో నలగడమో దీనికి కారణం. జివ్వుమనడం చాలాసార్లు ఆ నరం కోలుకుంటున్న గుర్తు. మెత్తటి గుడ్డతో, తర్వాత టవలుతో రోజూ కాసేపు రాస్తూ ఉంటే చర్మం అలవాటు పడుతుంది. కోత పూర్తిగా మానాకే సుమా.

మోకాలికి కింద, లోపలివైపు ఎముక మీద ఒకే చోట వేలు పెడితే ఉలిక్కిపడేంత నొప్పి ఉంటే గ్రాఫ్ట్‌ను బిగించిన స్క్రూనో, పిన్నో చర్మాన్ని ఒరుసుకుంటూ ఉండవచ్చు. తొందర లేదు, తర్వాతి చూపింపులో చెప్పండి.

ఇక ఒక్క వేలితో చూపించలేని నొప్పి. మోకాలంతా, కాలంతా మంట. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం, చర్మం రంగు మారడం, ఒక కాలు చల్లగానో చెమటగానో ఉండటం. వారాలు గడిచినా తగ్గకుండా పెరుగుతుంటే 'భరించండి' అనే సలహాతో ఊరుకోవద్దు. నొప్పి సంకేతాలు పంపే నరాల వ్యవస్థే దారి తప్పే స్థితి ఒకటి ఉంది, దానికి సీఆర్‌పీఎస్ అని పేరు. ఎంత త్వరగా గుర్తిస్తే అంత మేలు.

నాలుగో అడుగు: రెండు రోజుల పద్ధతి

ఆగకూడని గుర్తులు లేవు, కారణం ఓ మోస్తరుగా తెలిసింది. ఇప్పుడు చేయాల్సింది వ్యాయామాన్ని పూర్తిగా ఆపడం కాదు, రెండు మెట్లు దిగడం. నొప్పి రాగానే బ్రేస్ బిగించి మంచం ఎక్కి నాలుగు రోజులు పడుకున్నవాళ్లకు మోకాలు బిగుసుకుపోతుంది. దాన్ని మళ్లీ సాగదీయడం మొదటి నొప్పి కన్నా పెద్ద నొప్పి.

మొదట వాపు సంగతి చూడాలి. మోకాల్లో 20, 30 మిల్లీలీటర్ల నీరు చేరినా, అంటే హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు, తొడ ముందు కండరంలో లోపలి భాగం పని తగ్గించేస్తుంది. కండరం పని మానితే భారం కీలు మీద పడుతుంది, కీలు ఇంకా నీరు ఊరుస్తుంది. ఈ గానుగ తిరగకుండా ఆపేది ఐస్, ఎత్తు, కదలిక.

ఐస్ ముక్కలు ప్లాస్టిక్ సంచిలో వేసి, కొంచెం నీళ్లు పోసి, గాలి తీసి మూతి కట్టండి. సంచి మోకాలి వంపుకు సరిగ్గా అతుకుతుంది. తడి తువ్వాలు మధ్యలో వేసి 15 నుంచి 20 నిమిషాలు, రెండు మూడు గంటలకొకసారి. చర్మం మొద్దుబారిన చోట ఐస్ కాల్చినా తెలియదు, అయిదేసి నిమిషాలకు ఎత్తి చూస్తుండాలి. వేడి కాపడం మాత్రం వాపు ఉన్నన్నాళ్లు వద్దు.

కాలిని గుండె కన్నా ఎత్తులో పెట్టాలి. ఇక్కడే దాదాపు ప్రతి ఇంట్లో ఒక పొరపాటు జరుగుతుంది: దిండు మోకాలి కింద పెడతారు. హాయిగా ఉంటుంది, నిజమే. కానీ మోకాలు కాస్త మడతలోనే మానడం మొదలుపెడుతుంది, పూర్తిగా చాపడం పోతుంది. దిండు మడమ కింద ఉండాలి, మోకాలి కింద ఖాళీ కనిపించాలి. మా అమ్మ రాత్రి ప్రేమగా మోకాలి కిందికి జరిపేది, నేను మళ్లీ మడమ కిందికి తోసేవాడిని. వారం రోజులు ఈ యుద్ధం నడిచింది.

ఆ రెండు రోజులూ మూడు పనులు మానకూడదు. పాదం ఆడించడం. తొడ ముందు కండరాన్ని బిగించి అయిదు లెక్కపెట్టి వదలడం. మడమ కింద మడిచిన తువ్వాలు పెట్టి మోకాలు కిందికి వాలేలా పది నిమిషాలు ఉంచడం. మిగతావి, అంటే సైకిల్, మెట్లు, గోడకు ఆనుకుని కుర్చీ వేయడం వంటివి ఆపండి. మూడో రోజు తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఆపిన చోటునుంచి కాకుండా, అంతకు ముందు వారం చేసిన సంఖ్యతో మొదలుపెట్టండి. కర్రలు పక్కన పెట్టేసినా ఆ రెండు రోజులు మళ్లీ పట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు. కుంటుతూ నడవడం కన్నా కర్రతో సరిగ్గా నడవడం మేలు. ఒక కర్రే వాడుతుంటే అది మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

మందుల దగ్గర జాగ్రత్త

మన దగ్గర నొప్పి మాత్రల్లో పారాసెటమాల్ దాక్కుని ఉంటుంది. ఎసిక్లోఫెనాక్‌తో కలిపి రాసే మాత్రల్లో సాధారణంగా 325 మిల్లీగ్రాములు ఉంటుంది. ట్రమడాల్‌తో కలిపిన మాత్రల్లోనూ ఉంటుంది. వీటి మీద ఇంట్లో ఉన్న 650 మాత్ర ఒకటి వేసుకుంటే తెలియకుండానే మోతాదు పేరుకుపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజు మొత్తానికి 4 గ్రాములు హద్దు. కాలేయ సమస్య, మద్యం అలవాటు, తక్కువ బరువు ఉంటే హద్దు ఇంకా తక్కువ, అది డాక్టరు చెప్పాలి. అట్ట వెనక తిప్పి సన్న అక్షరాలు చదవండి.

ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఒకే కుటుంబం. రెండు కలిపి వేసుకోకూడదు. ఖాళీ కడుపున వద్దు. కిడ్నీ సమస్య, అల్సర్, ఉబ్బసం ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే మందు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. ట్రమడాల్‌తో వాంతులు, తల తిరగడం, మలబద్ధకం వస్తాయి. మలబద్ధకం చిన్న విషయంలా కనిపిస్తుంది, బ్రేస్ వేసుకుని కమోడ్ మీద ముక్కుతూ కూర్చున్నప్పుడు తెలుస్తుంది దాని సంగతి. నీళ్లు, అరటిపండు, రాత్రి ఇసబ్‌గోల్‌తో ముందే సర్దుకోండి.

మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా చేసి వ్యాయామం దంచేయడం మాత్రం మోసం. ఫిజియోకు అరగంట ముందు మాత్ర వేసుకోమని మొదటి వారాల్లో చెబుతారు, అది వేరు. మూడో నెలలో ఆట ఆడటానికి మాత్ర అవసరమైతే ఆ ఆటకు ఇంకా వేళ కాలేదన్నమాట.

అయిదో అడుగు: మర్నాడు పొద్దున ఏం చెబుతుంది?

ఒక నోటుబుక్కు పెట్టండి. రోజుకు ఒక వరుస చాలు: ఏం చేశాను, నొప్పి పదికి ఎంత, చిప్ప మధ్యలో మోకాలి చుట్టుకొలత ఎంత, కాలు పూర్తిగా చాపగలిగానా. కొలత రోజూ ఒకే వేళకు, లేవగానే తీసుకోవాలి. సాయంత్రం కొలిస్తే రోజంతటి వాపు కలిసిపోతుంది.

లెక్క ఇలా చూసుకోండి. వ్యాయామం చేస్తుండగా పదికి మూడు వరకు నొప్పి ఉండి, మర్నాటి పొద్దుటికి పాత స్థాయికి వచ్చేస్తే చేసిన పని సరిపోయింది. నాలుగు, అయిదు దాకా వెళ్లి, పొద్దుటికి కొంచెం మిగిలితే ఆ రోజు అంతే చేయండి, పెంచకండి. పొద్దున లేచేసరికి నొప్పితోపాటు చుట్టుకొలత సెంటీమీటరు పెరిగి ఉంటే నిన్నటి పనిలో ఏదో ఎక్కువైంది. దాన్ని వెతికి పట్టుకోండి. నా పుస్తకంలో ఇన్విజిలేషన్ మర్నాడు 39.5 ఉన్న మోకాలు 41 అని రాసి ఉంది. పక్కన ఎర్ర పెన్నుతో 'కుర్చీ' అని రాసుకున్నాను. ఆ తర్వాతి పరీక్షలన్నిటికీ కుర్చీ అడిగి వేయించుకున్నాను.

కాలు చాపడం తగ్గుతోందా అన్న ప్రశ్నకు మిగతా వాటన్నిటి కన్నా ఎక్కువ విలువ ఇవ్వండి. మడత నెమ్మదిగా వచ్చినా ఫర్వాలేదు, చాపు పోతే నడక పోతుంది. బోర్లా పడుకుని, మోకాళ్ల కింది భాగాలు మంచం అంచు దాటి వేలాడేలా ఉంచండి. రెండు మడమల ఎత్తులో తేడా ఉంటే ఎవరి చేతైనా ఫోటో తీయించి పెట్టుకోండి.

ఇంట్లో, చుట్టాల్లో

దెబ్బ తగిలినవాడికి పప్పు పెడితే చీము పడుతుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. వంకాయ, గోంగూర, గుమ్మడి కూడా నిషేధం. కండరం కరిగిపోతున్న రోజుల్లో పప్పు మాన్పించడమంటే కట్టే ఇంటికి ఇటుకలు ఆపడమే. డయాబెటిస్, కిడ్నీ జబ్బు వంటివి లేకపోతే పప్పు, గుడ్లు, పెరుగు, చేప, మాంసం శుభ్రంగా తినండి. అమ్మతో వాదించి గెలవలేక నేను డాక్టరు చేత చీటీ మీద 'పప్పు తినాలి' అని రాయించుకున్నాను. ఆయన నవ్వుతూ రాశారు.

నూనె మర్దన చేస్తామని, ఆకు కట్టు కడతామని వచ్చేవాళ్లుంటారు. మా బంధువు ఒకాయన పుత్తూరు కట్టు వేయించుకోమన్నాడు. ఆ కట్టు విరిగిన ఎముకల పేరుమీద ప్రసిద్ధి. లోపల స్క్రూలతో బిగించిన స్నాయువుకు, వాచిన మోకాలికి బిగుతు కట్టు పెట్టి కదలిక ఆపడం మనకు అక్కర్లేని పని. మర్దన విషయంలో, కోత మానాక మచ్చ మీద వేళ్లతో ఎలా రాయాలో ఫిజియో చూపిస్తారు, అది చాలు.

నేల మీద బాసింపట్టు, నేల మీద మరుగుదొడ్డి, ఎత్తు తక్కువ సోఫా: ఈ మూడూ డాక్టరు ఒప్పుకునే వరకు దూరం. కమోడ్ లేని ఇల్లయితే కమోడ్ కుర్చీ అద్దెకు దొరుకుతుంది. ఆటోలో కాలు చాపుకునే చోటుండదు, మొదటి వారాల్లో చూపింపుకు వెళ్లేటప్పుడు కారు వెనక సీట్లో అడ్డంగా కూర్చోవడం నయం.

రాత్రి రెండు గంటలప్పుడు

పగలు అయిదున్న నొప్పి రాత్రి ఎనిమిదవుతుంది. చీకట్లో పట్టించుకోవడానికి వేరే ఏమీ ఉండదు, నిద్ర తగ్గిన ఒంటికి నొప్పి సహించే శక్తీ తగ్గుతుంది. పడుకునే ముందు ఐస్, చీటీలో ఉన్న రాత్రి మాత్ర, రెండు కాళ్ల మధ్య దిండు. మెలకువ వస్తే కాలు కదపకుండా పాదం మాత్రం ఆడించండి. ఫోనులో తెగిపోయిన లిగమెంట్ల వీడియోలు చూడటం నిషేధించుకోండి, ఇది అనుభవంతో చెబుతున్నాను.

భయం గురించి ఒక మాట. మోకాలు మళ్లీ పోతుందేమోనన్న భయంతో కాలిని దాచిపెట్టుకుని నడిచేవాళ్లకు నొప్పి ఆలస్యంగా తగ్గుతుంది, తొడ కండరం ఆలస్యంగా వస్తుంది. చిన్న పనిని పదిసార్లు ఏమీ కాకుండా చేసి చూపించుకోవడమే దీనికి మందు. నేను కళ్లజోడు సంఘటన తర్వాత వంగడానికే భయపడ్డాను. ఫిజియో నా చేత కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు మడిచి ఉంచి, నేల మీద పెన్ను తీయించారు. తర్వాత రెండు పెన్నులు.

ఆరో అడుగు: డాక్టరుకు ఫోను చేస్తే ఏం చెప్పాలి?

'బాగా నొప్పిగా ఉంది సార్' అంటే ఆయనకు ఏమీ తెలియదు. ఇలా చెప్పండి: ఆపరేషన్ అయి ఎన్ని వారాలు, గ్రాఫ్ట్ ఎక్కడిది, మెనిస్కస్‌కు కుట్లు ఉన్నాయా. నొప్పి ఎప్పుడు, ఏం చేస్తుండగా వచ్చింది, ఒక్క వేలితో చూపిస్తే ఎక్కడ. జ్వరం, వాపు ఎంత, నిన్నటి కొలత, ఇవాళ్టి కొలత. కాలు చాపగలుగుతున్నానా, బరువు వేయగలుగుతున్నానా. ఏ మాత్రలు ఎన్ని వేసుకున్నాను. మోకాళ్లు రెండూ పక్కపక్కన కనిపించేలా వెలుతురులో ఒక ఫోటో పంపండి. ఒక మోకాలి ఫోటో ఒక్కటే పంపితే వాపు ఎంతో ఎవరూ చెప్పలేరు.

నెలలు గడిచాక వచ్చేవి

మూడో నెల తర్వాత మెట్లు దిగుతుంటే చిప్ప చుట్టూ వచ్చే నొప్పి సాధారణంగా తొడ కండరం బాకీ. ఐస్‌తో తీరదు, బలం పెంచితేనే తీరుతుంది. దాన్ని లిగమెంట్ నొప్పిగా పొరబడి వ్యాయామం మానేసేవాళ్లు చాలామంది.

అయితే కాలు చివరి కొద్ది డిగ్రీలు చాపబోతే ముందువైపు ఏదో అడ్డుపడ్డట్టు, టక్కుమన్నట్టు ఉండి, అంతకు ముందు వచ్చిన చాపు పోతుంటే ఎంఆర్ఐ గురించి అడగాలి. గ్రాఫ్ట్ ముందు మచ్చ కణజాలం చిన్న ముద్దలా పెరిగి కీలు మధ్య నలుగుతుంది. మోకాల్లోకి పంపే సన్న కెమెరాలో చూస్తే ఒంటికన్నులా కనబడుతుందని 1990లో దీన్ని వర్ణించిన వైద్యులు గ్రీకు కథల్లోని ఒంటికన్ను రాక్షసుడి పేరు, సైక్లాప్స్, పెట్టారు. ఫిజియో ఎంత గట్టిగా నొక్కినా ఇది లొంగదు. ఇబ్బంది పెడుతుంటే కెమెరాతోనే తీసేస్తారు, తర్వాత చాపు తిరిగి వస్తుంది.

ఆటకు తిరిగి వెళ్లడానికి కనీసం 9 నెలలు ఆగమంటారు. 2016లో అచ్చయిన నార్వే, అమెరికా పరిశోధకుల అధ్యయనంలో, 9 నెలల వరకు ఆట ఆలస్యమైన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు 51 శాతం తగ్గిందని తేలింది. నొప్పి లేదు కదా అని ఆరో నెలలో కోర్టులోకి దిగాలనిపించినప్పుడల్లా నేను ఈ అంకె గుర్తు చేసుకునేవాడిని.

నాకు ఇప్పుడు రెండో కనుమ దాటింది. వాలీబాల్ ఆడుతున్నాను, గెంతడం కాస్త తగ్గించాను. కోత పక్కన చర్మం మొదట అరచేయంత మొద్దుగా ఉండేది, ఇప్పుడు రూపాయి బిళ్లంత మిగిలింది. స్నానం చేసేటప్పుడు అక్కడ చన్నీళ్లు పడ్డా తెలియదు. చలికాలం పొద్దున్నే మెట్లు దిగేటప్పుడు మొదటి మూడు మెట్లు మోకాలు గొణుగుతుంది, నాలుగో మెట్టుకు ఊరుకుంటుంది. నోటుబుక్కులో ఇప్పుడు దాన్ని రాయడం మానేశాను.